కుడుకకు విమానయోగం లేదు

అమెరికాలో ఉన్న బిడ్డకు ఒడిబియ్యం పోయడానికి బయల్దేరిన తల్లి పెట్టెలో ఏముంటాయి? బియ్యం, పసుపు, కుడుకలు, వక్కలు, ఖర్జూరాలు, ఒక రవిక గుడ్డ. జహీరాబాదు దిక్కు ఒడిబియ్యం పోయడమన్నా, సరిహద్దు దాటి బీదరు జిల్లాలో ఉడి నింపడమన్నా తంతు ఒకటే. ఆ పెట్టెలోని బియ్యాన్ని అమెరికా రానివ్వదు. కుడుకనైతే అసలు విమానమే ఎక్కనివ్వరు. "రెండే కద సార్, శుభానికి" అని బతిమాలినా తనిఖీ బల్ల దగ్గరి మనిషి తల అడ్డంగానే ఊపుతాడు. ఆయనకు మన ఆచారం మీద పగేమీ లేదు. ఆయన చేతిలోని జాబితాలో ఉన్న కుడుక వెనుక రసాయనశాస్త్రం ఉంది, అమెరికా ఆపే బియ్యం వెనుక ఒక పురుగు ఉంది.

ఇలాంటి పెట్టెలు సర్దే మంగళగి బీదరు జిల్లాలో తెలంగాణకు దగ్గరగా ఉన్న ఊరు. కన్నడం, తెలుగు, దక్కనీ, మరాఠీ ఒకే అంగడిలో వినిపించే ప్రాంతం. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో భాగం. రాష్ట్రం మారినా దారి మారలేదు. ఇక్కడివాళ్లకు విదేశమంటే జహీరాబాదు మీదుగా హైదరాబాదు పోయి, 2008లో తెరిచిన శంషాబాదు విమానాశ్రయంలో విమానం ఎక్కడమే. గల్ఫుకు పనికి పోయే పిల్లలు, చదువుకు పోయే పిల్లలు, బిడ్డ కాన్పుకు పోయే తల్లులు, హజ్‌కు పోయే పెద్దలు, ఎవరు బయల్దేరినా ఇంటినిండా సలహాలే. ఇది పెట్టు, అది తియ్యి అని ప్రతివాళ్లూ చెబుతారు. ఎందుకో మాత్రం చెప్పరు. ఎందుకో తెలిస్తే జాబితా బట్టీ పట్టాల్సిన పని సగం తగ్గుతుంది.

కుడుకతోనే మొదలుపెడదాం. ఎండుకొబ్బరిలో అరవై శాతానికి పైగా నూనె ఉంటుంది. సరిగ్గా ఎండక తేమ మిగిలితే బూజు, బాక్టీరియా చేరతాయి. అవి పెరిగేటప్పుడు వేడి పుడుతుంది. కొబ్బరి గోనెల్లో కుప్పబడి ఉంటే ఆ వేడి బయటికి పోలేదు. వేడెక్కినకొద్దీ నూనె ఆక్సిజన్‌తో కలిసే వేగం పెరుగుతుంది, దాంతో ఇంకా వేడి. చివరికి అగ్గిపుల్ల గీయకుండానే పొగ మొదలవుతుంది. కొబ్బరి రవాణా చేసే ఓడలవాళ్లకు ఇది పాత భయమే. ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరుకుల పట్టికలో ఎండుకొబ్బరికి 1363 అని ఒక సంఖ్య, 4.2 అని ఒక తరగతి ఉన్నాయి. తనంతట తానే అంటుకునే పదార్థాల తరగతి అది. గాలి తగిలితే భగ్గుమనే తెల్ల భాస్వరం కూడా ఆ వరుసలోనే ఉంది.

రెండు కుడుకలతో విమానం తగలబడుతుందా? తగలబడదు. కానీ మీ కుడుకలో తేమ ఎంతుందో తనిఖీ బల్ల దగ్గర కొలిచే ఏర్పాటు లేదు, విమానంలో మీరొక్కరే తల్లి కూడా కాదు. అందుకని మొత్తం తరగతినే ఆపేశారు. ముక్కలుగా కోసిన కొబ్బరి మీద విమాన సంస్థలు తలో మాట చెబుతాయి, కాబట్టి టికెట్టు కొన్న సంస్థనే అడగడం మేలు. ఇంకా మేలైన పని, దిగాక అక్కడి భారతీయుల దుకాణంలో కొనుక్కోవడం.

మామిడికాయ సీసా మూత మీద ఏడు కిలోలు

పచ్చడి సీసా కారి బట్టలన్నీ నూనెపాలయ్యాయని ప్రతి కుటుంబంలోనూ ఒక కథ ఉంటుంది. నేరం సామాను విసిరేసే కూలీల మీద వేస్తారు. అసలు దోషి చాలాసార్లు సీసాలోని గాలి.

విమానం ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున ఎగురుతున్నా, లోపలి గాలిని ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత ఒత్తిడికి మించి పలచబడనివ్వరు. అది సముద్రమట్టం దగ్గరి ఒత్తిడిలో సుమారు మూడు వంతులు. పెట్టెలుండే కింది గదిలోనూ దాదాపు అదే ఒత్తిడి. అక్కడ గాలే ఉండదని మనవాళ్లలో ఒక అపోహ ఉంది, అది తప్పు. బీదరు పీఠభూమి సముద్రమట్టానికి 600 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. కాబట్టి మంగళగిలో బిగించిన సీసాలో చిక్కుకున్న గాలి బందరులోనో కాకినాడలోనో బిగించిన సీసాలో గాలికన్నా కాస్త పలచన, దాదాపు 94 కిలోపాస్కల్‌లు. విమానంలో చుట్టూ ఉన్న గాలి 75కు పడిపోతుంది. తేడా 19. ఏడు సెంటీమీటర్ల వెడల్పున్న మూత మీద ఆ తేడా లెక్కగడితే, లోపలినుంచి ఏడు కిలోల పైచిలుకు బరువుతో తోస్తున్నట్టు. అదే సముద్రతీరంలో మూత పెట్టి ఉంటే పది కిలోలు. పల్లీపట్టీల ప్యాకెట్టు పైకి పోయాక బూరెలా ఉబ్బడం కూడా ఇందుకే. అందులోని గాలి పావువంతు పెరగాలని చూస్తుంది.

సీసా పక్కకు ఒరిగి ఉంటే ఆ తోపుడు మొదట నూనెనే బయటికి నెడుతుంది. ఉపాయం సులువు. సీసాలో గాలికి చోటు ఉంచకండి, నూనెను మూత అంచుదాకా పోయండి. ద్రవం గాలిలా వ్యాకోచించదు. మూత కింద పలచటి ప్లాస్టిక్ కాగితం పరిచి బిగించి, జిప్పు కవర్లో పెట్టి, ఆ కవర్లోని గాలి కూడా పిండేయండి. హైదరాబాదు పచ్చళ్ల దుకాణాల్లో గాలి లాగేసి అతికించి ఇస్తారు, అది అన్నిటికన్నా మంచిది. గాజు సీసా వద్దు.

చెవులు దిబ్బెడేసుకునేదీ ఈ ఒత్తిడి తేడాతోనే. మధ్యచెవిలోని గాలి గొంతులోకి ఉన్న సన్నని గొట్టం గుండా రాకపోకలు సాగించాలి. పైకి పోయేటప్పుడు గాలి సులువుగా బయటికి వస్తుంది, దిగేటప్పుడు లోపలికి పోవడమే కష్టం. అందుకే నొప్పి దిగేటప్పుడు ఎక్కువ. గుటకలు వేయండి, ఆవలించండి, చంటిపిల్లకు పాలు పట్టండి. ముక్కు దిబ్బడ ఉన్నప్పుడు ఆ గొట్టం మూసుకుపోతుంది కనుక జలుబుతో ప్రయాణించేవాళ్లు డాక్టరును అడిగి మందు వెంట పెట్టుకోవాలి.

జొన్నరొట్టె గొప్పతనం

ప్రయాణపు తిండి విషయంలో బీదరు, కలబురగి ప్రాంతాల వాళ్లు అదృష్టవంతులు. పలచగా తట్టి, కాల్చి, అప్పడంలా కరకరలాడేదాకా ఎండబెట్టిన కటిక జొన్నరొట్టె నెలల తరబడి చెడదు. దానిలో ఏ మందూ లేదు. సూక్ష్మజీవులకు తిండికన్నా ముందు కావలసింది వాటి చేతికందే నీరు. ఆహారశాస్త్రంలో దీన్ని సున్నా నుంచి ఒకటి దాకా కొలుస్తారు. స్వచ్ఛమైన నీటికి ఒకటి. ఎక్కువ బాక్టీరియాలకు 0.9కి పైన ఉండాలి. బూజులు అంతకన్నా ఓర్పు గలవి, 0.7 దగ్గర కూడా బతికే రకాలున్నాయి. 0.6 కన్నా తగ్గితే ఏదీ పెరగదు. ఎండిన రొట్టె, షేంగా (పల్లీ) పొడి, కారప్పొడి, ఎండు అటుకులు, జంతికలు ఆ గీత కిందే ఉంటాయి. భక్ష్యాలు ఉండవు. లోపలి పూర్ణంలో తేమ ఉంటుంది. రెండో రోజుకే వాసన మొదలవుతుంది, మూడో రోజుకు నూలు సాగుతుంది.

పచ్చడి లెక్క వేరు. దానిలో తడి ఉంది కానీ ఉప్పు ఆ తడిని తనవైపు లాక్కుని పట్టి ఉంచుతుంది, మామిడి పులుపు మిగతా పని చూస్తుంది. పీహెచ్ 4.6 కన్నా తగ్గితే బొటులిజం విషాన్ని తయారుచేసే బాక్టీరియా పెరగలేదు. పైన నిలిచిన నూనె గాలిని ఆపి బూజు రాకుండా కాస్తుంది. మన అవ్వలు పీహెచ్ కొలవలేదు, నాలుకతో చూశారు, పొల్లు పోలేదు. అయితే రొట్టెకు ఒక లోపం ఉంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దుబాయి గాలిలో వేసవి రాత్రి తేమ ఎక్కువ. రొట్టెల దొంతర విరగకుండా గట్టి డబ్బాలో పెట్టి, మూత గట్టిగా బిగించాలి.

ఎక్స్‌రే కంటికి ఏం కనబడుతుంది

చేతి సంచీలో ద్రవాలు 100 మిల్లీలీటర్లకు మించరాదన్న నియమానికి బీజం 2006 ఆగస్టు 10న పడింది. కూల్‌డ్రింక్ సీసాల్లో ద్రవ పేలుడు పదార్థం పోసుకుని లండన్ నుంచి అట్లాంటిక్ దాటే విమానాలను పేల్చాలన్న కుట్రను ఆ రోజు బ్రిటిష్ పోలీసులు బయటపెట్టారు. ఇబ్బంది ఎక్కడంటే, మామూలు ఎక్స్‌రే యంత్రం వస్తువు సాంద్రతనూ, దానిలోని పరమాణువుల బరువునూ మాత్రమే అంచనా వేస్తుంది. రెండు శక్తుల ఎక్స్‌కిరణాలను పంపి, ఏది ఎంత ఆగిందో పోల్చి రంగులు వేస్తుంది. తిండి, బట్ట, ప్లాస్టిక్ లాంటి సేంద్రియ పదార్థాలకు నారింజ, లోహాలకు నీలం, మధ్యరకానికి ఆకుపచ్చ. నీరు, ఆ పేలుడు పదార్థంలో వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఈ కంటికి ఇంచుమించు ఒకేలా కనబడతాయి. నెయ్యి, పెరుగు, పచ్చడి, తేనె, షాంపూ ఏదైనా ఆ యంత్రానికి అనుమానపు నారింజ ముద్దే. అందుకే అవన్నీ కింది పెట్టెలోకి పోవాలి.

బీదరు నుంచి బహుమతి అంటే బిద్రీ వస్తువే కదా. కారునల్లని పూలకూజా మీద వెండి తీగల పనితనం. దాని లోహంలో అత్యధిక భాగం జింకు, కొంచెం రాగి. తెర మీద అది ముదురు నీలపు, ఒక్కోసారి నల్లటి మచ్చగా పడుతుంది. కిరణాలు దాని గుండా పోలేవు కనుక వెనుక ఏముందో కనబడదు. పెట్టె అడుగున, ఛార్జర్ల చిక్కుముడి కింద దాన్ని కుక్కితే పెట్టె విప్పించడం ఖాయం. పైన, అంచున, విడిగా పెట్టండి. ఇత్తడి కుందులకూ, దేవుడి విగ్రహాలకూ ఇదే మాట.

కారప్పొడిని చేతి సంచీలో రానివ్వకపోవడానికి కారణం ఎక్స్‌రే కాదు, క్యాప్సైసిన్. మిరపలోని ఆ పదార్థం మన నరాల చివర్లలో వేడిని పసిగట్టే ఒక ప్రోటీనును తాకుతుంది. చర్మం కాలకపోయినా కాలినట్టే మెదడుకు కబురు పోతుంది. ఆ ప్రోటీనును 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి పంచారు. కళ్లలో కొడితే మనిషి కాసేపు గుడ్డివాడే. కింది పెట్టెలో కారం ఎంత ఉన్నా ఎవరి కళ్లకూ ప్రమాదం లేదు కాబట్టి అక్కడ అభ్యంతరం లేదు.

పవర్‌బ్యాంకు దగ్గర నియమం తిరగబడుతుంది

పచ్చడి కిందికి, పవర్‌బ్యాంకు పైకి. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. పవర్‌బ్యాంకును కింది పెట్టెలో పెడితే పెట్టెను ఆపేసి మిమ్మల్ని మైకులో పిలుస్తారు. ప్రమాదకరమైన వస్తువును మనుషుల పక్కనే ఎందుకు పెట్టమంటారు?

లిథియం బ్యాటరీలో రెండు ధ్రువాల మధ్య పలచటి పొర ఒకటే అడ్డు. దెబ్బ తగిలో, తయారీ లోపం వల్లో ఆ పొర చిరిగితే లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. వేడికి రసాయన చర్యలు మొదలై, ఆ చర్యలు ఇంకా వేడిని పుట్టించి, బ్యాటరీలోని ఒక సెల్లు నుంచి పక్క సెల్లుకు పాకుతాయి. లోపలి ద్రవం మండే స్వభావం ఉన్నదే. కింది గదిలో మంట వస్తే ఆర్పడానికి హాలాన్ వాయువు వదులుతారు. కాగితం, బట్ట అంటుకుంటే అది చాలు. లిథియం బ్యాటరీ మంటకు మాత్రం అది సరిపోదు, మంట చల్లారినట్టు కనబడినా లోపలి వేడి ఆగదు. పైన సీట్ల దగ్గరైతే పొగ వెంటనే కనబడుతుంది, సిబ్బంది నీళ్లు పోసి చల్లార్చగలరు. 2010 సెప్టెంబరు 3న దుబాయి నుంచి లేచిన యూపీఎస్ సరుకుల విమానం, బోయింగ్ 747, లిథియం బ్యాటరీలున్న సరుకులో మంట లేచి కూలిపోయింది. పైలట్లిద్దరూ చనిపోయారు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఎయిర్ బూసాన్ విమానం నేల మీద ఉండగానే పైభాగం కాలిపోయింది. పై అరలోని పవర్‌బ్యాంకే కారణం కావచ్చని దర్యాప్తువాళ్లు తేల్చారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ఎమిరేట్స్ విమాన సంస్థలో మనిషికి ఒక్క పవర్‌బ్యాంకే, అదీ లోపల వాడకుండా, చేతికందే చోట పెట్టుకోవాలి.

పరిమితి 100 వాట్-అవర్లు. దుకాణంవాడు చెప్పేది మిల్లీ ఆంపియర్-అవర్లలో. లెక్క కష్టం కాదు: ఆ సంఖ్యను 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 20,000 అయితే 74 వాట్-అవర్లు, పోనిస్తారు. 27,000 దాటితే గీత దగ్గరికొచ్చినట్టే. 100 నుంచి 160 దాకా సంస్థ అనుమతి కావాలి, ఆ పైన ఎక్కడా రానివ్వరు. సంఖ్య చెరిగిపోయిన పాత పవర్‌బ్యాంకును తీసేసుకుంటారు. పేరులేని చవక సరుకును మీరే ఇంట్లో వదిలేయండి.

బియ్యంలో పురుగు, కరివేపాకులో పురుగు

ఒడిబియ్యం దగ్గరికి వద్దాం. ఖప్రా అనే పురుగు పుట్టిల్లు మన ఉపఖండమే. పెద్దయ్యాక మూడు మిల్లీమీటర్లు కూడా మించదు. ధాన్యం దొరక్కపోతే దాని లార్వా గోడల పగుళ్లలో, గోనె కుట్లలో నిద్రావస్థలోకి పోయి ఏళ్ల తరబడి బతుకుతుంది. చాలా పురుగుమందులు దాన్ని ఏమీ చేయలేవు. అమెరికాలో మొదట 1953లో కాలిఫోర్నియాలో బయటపడింది. దాన్ని నిర్మూలించడానికి 1966 దాకా పట్టింది, కోటి డాలర్లకు పైగా ఖర్చయింది. ఆ చేదు అనుభవంతో ఖప్రా ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు బియ్యం, శనగలు తేవడాన్ని ఆ దేశం నిషేధించింది. కందులు, పెసలు, శనగలు పండే బీదరు నేల మీద పెరిగినవాళ్లకు మన గింజ పనికిరాదనడం మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ మంగళగి రైతుకు ఆ పురుగు నిల్వల్లో చేసే నష్టం తెలియనిది కాదు.

కరివేపాకు ఇంకా నేరుగా తగులుతుంది. పచ్చి కరివేపాకు రెమ్మ మీద సిల్లిడ్ అనే చిన్న రసంపీల్చే పురుగు గుడ్లు పెడుతుంది. నిమ్మ, నారింజ, కరివేపాకు ఒకే కుటుంబం చెట్లు. ఈ పురుగు ఒంట్లో ఉండే బాక్టీరియా నారింజ చెట్టు నాళాలను మూసేసి, కాయను ఆకుపచ్చగా, చేదుగా, గిడసగా చేసి చివరికి చెట్టును చంపుతుంది. మందు లేదు. ఫ్లోరిడాలో ఆ పురుగు 1998లో, తెగులు 2005లో కనబడ్డాయి. అంతకుముందు ఏటా 20 కోట్ల పెట్టెలకు పైగా నారింజలు కాసిన రాష్ట్రంలో ఇప్పుడు రెండు కోట్ల పెట్టెలు దాటడమే గగనమైంది. ఆ నష్టమంతా కరివేపాకు వల్లే అని నేననను. కానీ విమానాశ్రయంలో మన అమ్మమ్మల చేతిలోంచి ఒక రెమ్మను లాక్కుని చెత్తబుట్టలో వేసే మనిషికి ఆ తోటలు కళ్ల ముందుంటాయి.

అమెరికా ఫారంలో తిండి వస్తువులున్నాయా అని అడుగుతారు. ఉన్నాయనే రాయండి. చూపిస్తే పనికిరానిది తీసేసుకుని పంపిస్తారు, అంతే. దాచి దొరికితే జరిమానా 300 డాలర్ల దగ్గర మొదలవుతుంది.

గల్ఫు వైపు వెళ్లేవాళ్లకు పురుగులకన్నా గసగసాలు పెద్ద ప్రమాదం. మసాలా డబ్బాలో అమ్మ పెట్టిన చిన్న పొట్లం. గసగసాలు నల్లమందు మొక్క గింజలే. గింజలో మత్తు లేదు, కానీ కాయ పాలలోని మార్ఫిన్, కోడీన్ జాడలు గింజ పైపొరకు అంటుకుని ఉంటాయి. ఎమిరేట్స్, సౌదీ, సింగపూరు వాటిని మత్తుపదార్థాల కిందే చూస్తాయి. కూరలోకి తెచ్చానన్న మాట అక్కడి కోర్టులో పనిచేస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి. తమలపాకులు, కిళ్లీ సామాను కూడా ఎమిరేట్స్ నిషేధ జాబితాలో ఉన్నాయి. ఇక్కడి మందుల షాపుల్లో దొరికే కోడీన్ దగ్గుమందు, ట్రమడాల్ నొప్పి మాత్ర అక్కడ అదుపులో ఉన్న మందులు. రోజూ వేసుకునే మాత్రలను చీటీతో సహా, అసలు ప్యాకింగులోనే, చేతి సంచీలో పెట్టుకోండి. ఇన్సులిన్ గడ్డకడితే పాడవుతుంది కనుక దాన్ని కింది పెట్టెలో వేయకూడదు.

పుస్తకాలు పోగొట్టుకున్న రష్యావాడు

కాగితాల సంగతికి ముందు బీదరుకు వచ్చిన ఒక పరదేశి ముచ్చట. 1470 ప్రాంతంలో, బహమనీల రాజధానిగా బీదరు వెలుగుతున్న రోజుల్లో, రష్యాలోని త్వేర్ నుంచి అఫనాసీ నికితిన్ అనే వ్యాపారి ఇక్కడికి చేరాడు. దారిలో ఓల్గా నది చివర, అస్త్రాఖాన్ దగ్గర దొంగలు అతన్ని దోచారు. సరుకుతోపాటు పుస్తకాలూ పోయాయి. పారశీకం దాటి, హోర్ముజ్‌లో గుర్రంతో సహా ఓడెక్కి, కొంకణ తీరంలో చౌల్ దగ్గర దిగాడు. జున్నరులో అక్కడి ఖాను ఆ గుర్రాన్ని లాక్కున్నాడు. ఒక ఖురాసానీ పెద్దమనిషి మధ్యవర్తిత్వంతో అది తిరిగొచ్చింది, చివరికి బీదరులో అమ్ముకున్నాడు. మన దక్కనులో మేలుజాతి గుర్రాలు పెంచడం కష్టం కాబట్టి ఆ రోజుల్లో అరబ్బు తీరం నుంచి గుర్రం తెస్తే లాభమే. అతనికి మాత్రం పెద్దగా మిగల్లేదు, రష్యాకు పట్టుకుపోదగ్గ సరుకు ఇక్కడ దొరకలేదని రాసుకున్నాడు.

అతన్ని అన్నిటికన్నా బాధపెట్టింది పుస్తకాలు పోవడం. పండుగల తేదీలు వాటిలోనే ఉన్నాయి. అవి లేక ఈస్టరు ఎప్పుడో తెలియక, ఇక్కడి ముస్లిముల నెలలను, ఆకాశంలో కృత్తికలనూ సప్తర్షుల స్థానాన్నీ చూసి అంచనా వేసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో స్మోలెన్స్క్ చేరకముందే చనిపోయాడు. అతని రాతప్రతి మాత్రం ఇల్లు చేరింది.

ముఖ్యమైనదంతా ఒకే మూటలో కట్టినవాడి కష్టం అది. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం నకళ్లు ఒకటి చేతి సంచీలో, ఒకటి కింది పెట్టెలో, ఒకటి ఇంట్లో నమ్మకమైన మనిషి దగ్గర, ఇంకొకటి ఫోనులో ఉండాలి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉందో లేదో చూసుకోండి. పదో తరగతి పాసవని వాళ్లు పనికోసం గల్ఫుతో సహా 18 దేశాలకు వెళ్లాలంటే 1983 నాటి ప్రవాస చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతితోపాటే పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా కూడా వస్తుంది, ప్రీమియం నాలుగు వందల లోపే. విజిట్ వీసా మీద పంపి అక్కడ పని చూపిస్తానన్న ఏజెంటు ఈ కాగితాలేవీ అడగడు. అతన్ని అనుమానించడానికి అదే గుర్తు.

ఒంటిని సర్దడం

పెట్టెకు ముందు ఒంటిని సర్దాలి. హజ్‌కు వెళ్లేవాళ్లకు మెనింజైటిస్ టీకా తప్పనిసరి. 2000లో ఆ వ్యాధిలోని డబ్ల్యూ135 అనే రకం హాజీలతోపాటు అనేక దేశాలకు పాకింది. ఆ తర్వాతనే నాలుగు రకాలనూ ఆపే టీకాకు మారారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఎందుకంటే ఒళ్లు ప్రతిరక్షకాలను తయారుచేసుకోవడానికి అంత సమయం పడుతుంది. ఆఫ్రికా వెళ్లేవాళ్లకు పచ్చజ్వరం టీకా హైదరాబాదు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేస్తారు. ఆ సర్టిఫికెట్టూ పది రోజుల తర్వాతే చెల్లుతుంది, 2016 నుంచి జీవితాంతం చెల్లుతోంది.

ఎండ గురించి బీదరువాడికి చెప్పాలా అనిపించవచ్చు. చెప్పాలి. గల్ఫు వేసవి వేడికి తేమ తోడవుతుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలి నిండా తేమ ఉంటే చెమట కారిపోతుంది తప్ప ఆరదు. కొత్త వేడికి ఒళ్లు అలవాటుపడటానికి ఒకటి రెండు వారాలు కావాలి. ఆ రోజుల్లో రక్తంలో నీటిభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, దానిలో ఉప్పు తగ్గుతుంది. కొత్తవాళ్లు మొదటి రోజు మామూలు పనిలో అయిదో వంతుతో మొదలుపెట్టి రోజూ కొంచెం పెంచాలని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ సలహా. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. అది మీ హక్కు, తెలుసుకుని వెళ్లండి. పెట్టెలో జీన్సు ప్యాంట్లు తగ్గించి, వదులైన పొడుగు చేతుల నూలు చొక్కాలు, ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టుకోండి.

దుబాయికి మనకూ గంటన్నరే తేడా కనుక నిద్ర పెద్దగా చెడదు. అమెరికా తూర్పు తీరానికి శీతాకాలంలో పదిన్నర గంటల తేడా. మన మెదడులోని గడియారం రోజుకు గంట, గంటన్నరకు మించి జరగదు. అది 24 గంటలకన్నా కొంచెం నిదానంగా నడుస్తుంది కాబట్టి రోజును సాగదీసే పడమటి ప్రయాణం చాలామందికి సులువు, తిరిగి వచ్చేటప్పుడే బాధ. పగటి వెలుతురులో నడవడమే దాన్ని సరిచేసే మొదటి మందు. షుగరు, బీపీ ఉన్నవాళ్లు మాత్రల వేళలు ఎలా జరపాలో బయల్దేరకముందే డాక్టరుతో రాయించుకోవాలి. అన్ని గంటలు కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, మధ్యమధ్య లేచి నడవండి.

మిక్సీ మాటా చెప్పాలి. అమెరికా గోడలో 120 వోల్టులే. మన 230 వోల్టుల ఇస్త్రీపెట్టె అక్కడ ఇంచుమించు పావువంతు వేడే ఇస్తుంది, ఎందుకంటే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. అక్కడికి వేరే మిక్సీ కావాలి. ఫోను ఛార్జరు మీద 100-240 అని రాసి ఉంటే ఏ దేశమైనా సరే, పిన్ను మారిస్తే చాలు. గల్ఫులో చాలాచోట్ల మన వోల్టేజే, మూడు దీర్ఘచతురస్రపు పిన్నుల ప్లగ్గు వేరు.

బరువు ఇంటి దగ్గరే తూయండి. సాధారణంగా పెట్టెకు 23 కిలోలు. ఎక్కువ డబ్బు కట్టినా ఒక్క పెట్టె 32 కిలోలు దాటకూడదంటారు, అది సామాను ఎత్తే మనుషుల నడుముల కోసం పెట్టిన గీత. ఊళ్లో కిరాణా కొట్టు కాటా మీద తూస్తే శంషాబాదులో నేల మీద పెట్టె పరిచి పచ్చళ్లు తీసే గతి పట్టదు. నిలువుగా లాగే చక్రాల పెట్టెలో బరువైనవి చక్రాల వైపు పెడితే లాగేటప్పుడు ముందుకు తూలదు.

చివరగా, ఈ మొత్తంలో మరిచిపోకూడనిది ఒకటుంది. పక్కింటి వాళ్లు, ఏజెంటు, బస్సులో పరిచయమైన మనిషి, ఎవరిచ్చినా సరే, అక్కడున్న మా తమ్ముడికి ఇవ్వండంటూ కుట్టేసి ఇచ్చిన పొట్లాన్ని విప్పి చూడకుండా పెట్టెలో పెట్టకండి. విప్పనివ్వకపోతే తీసుకోకండి. మీ పేరు చీటీ అంటించిన పెట్టెలో ఏం దొరికినా, ఆ దేశపు చట్టం ముందు అది మీదే.